తనంతట తానే తిరిగే గొట్టం

కోటబొమ్మాళిలో నీళ్ల మోటార్లు బాగుచేసే లక్ష్ముడు భావనపాడు తీరంలో పుట్టినవాడు. ఇరవై ఏళ్లు సముద్రం మీద వేటకు వెళ్లాడు. ఒకరోజు తాడు చుట్టుకుని కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఇక వల లాగలేక కోటబొమ్మాళి వచ్చి పైపుల పని నేర్చుకున్నాడు. నిలదొక్కుకున్నాక భార్య బుల్లమ్మ తమ్ముడు నాగబాబును కూడా పిలిపించి, బజారులో చేపలు అమ్ముకునే చోటు చూపించాడు. అప్పట్లో నాగబాబును అందరూ లక్ష్ముడి బామ్మర్ది అనేవారు.

2017 వేసవిలో నాగబాబు ఫోనులో ఏదో వీడియో చూసి పెరట్లో సిమెంటు తొట్టి కట్టి రూప్‌చంద్ చేపపిల్లల్ని వదిలాడు. పక్కన నీలం డ్రమ్మును నిలువుగా రెండు చెక్కలుగా కోసి, ఎత్తు మీద పెట్టి, కంకర నింపి తోటకూర, పాలకూర వేశాడు. చేపల మురికినీటిని చిన్న మోటారు మొక్కలకు తోడుతుంది. మొక్కలు ఆ మురికిని తీసుకుంటాయి, తేరిన నీళ్లు మళ్లీ తొట్టిలోకి దిగుతాయి. మట్టి లేకుండా ఆకుకూర పండుతోందంటే ఊరంతా చూడ్డానికి వచ్చింది. పేపర్లో నాగబాబు ఫొటో పడింది.

ఆ పేపరును బుల్లమ్మ వంటింటి గోడకు అంటించింది. లక్ష్ముడు దానికి వీపు పెట్టి అన్నం తినేవాడు. బజారులో ఎవరో “నాగబాబు బావవి నువ్వేనా?” అని అడిగిన రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

ఒకసారి చూడ్డానికి వెళ్లాడు. చూడ్డానికంటే, ఎక్కడ తప్పుందో వెతకడానికి వెళ్లాడు. దొరికింది. మోటారు చిన్నది, రెండు డ్రమ్ము చెక్కలకూ ఒకేసారి నీళ్లు చాలవు. ఒకటి నిండాక రెండోదానికి తిప్పాలి. ఆ కుళాయి తిప్పే పని నాగబాబు భార్య దుర్గది. అరగంటకోసారి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి తిప్పాలి. కొత్తవలసలో ఉన్న కన్నతల్లిని చూసి ఏడాది కావస్తోందని ఆమె నవ్వుతూనే చెప్పింది. లక్ష్ముడు ఆ మాట సరిగా వినలేదు. మనిషి చెయ్యి లేకుండా తిరిగే గొట్టం తను చేస్తే జనం ఎటు వస్తారో అని ఆలోచిస్తున్నాడు.

తన పెరట్లో అలాంటి తొట్టే కట్టాడు. డ్రమ్ముల మధ్య సైకిలు ఇరుసు మీద ఒక గొట్టాన్ని అటూ ఇటూ వాలేలా నిలబెట్టాడు. ఒక్కో డ్రమ్ములో వలకు కట్టే బెండు వేసి పుల్ల తగిలించాడు. డ్రమ్ము నిండగానే బెండు తేలి, పుల్ల గొట్టాన్ని రెండో వైపు నెట్టాలి. నెట్టింది, కానీ సగం దాకే. గొట్టం మధ్యలో ఆగిపోయి, నీళ్లన్నీ రెండు డ్రమ్ముల సందులో నేలపాలయ్యాయి. అతను చూసేసరికి తొట్టి సగం ఖాళీ.

నెల రోజులు దాంతోనే గడిపాడు. చివరికి పడవ గుర్తొచ్చింది. తడిసిన వల ఒక పక్కకు జారితే పడవ మెల్లగా వాలదు, ఒక్కసారే ఒరుగుతుంది. గొట్టానికి అడ్డంగా మరో చిన్న పైపు బిగించి, అందులో వలకు కట్టే సీసపు గుండ్లు నాలుగు వేసి రెండు వైపులా మూతలు పెట్టాడు. గొట్టం మధ్య దాటగానే గుండ్లు దొర్లి దాన్ని టక్కున అటువైపు పడేశాయి. ఆ పూటంతా బుల్లమ్మ పిలిచినా పలక్కుండా అక్కడే కూర్చుని చూశాడు.

నాగబాబును పిలవలేదు. వాడే వినొచ్చి మొహం మాడ్చుకుంటే చూడాలనుకున్నాడు. నాగబాబు వచ్చాడు. గొట్టం మూడుసార్లు తిరిగేదాకా గొంతుక్కూర్చుని చూశాడు.

“ఇలాటిది ఫోనులో కూడా సూడనేదు బావా. నీ బుర్రే బుర్ర” అన్నాడు. మర్నాటి నుంచి తన దగ్గరికి వచ్చినవాళ్లనల్లా వెంటబెట్టుకుని లక్ష్ముడి పెరటికి తీసుకొచ్చాడు. పక్కన నిలబడి అతనే అంతా వివరించేవాడు, నవ్వించేవాడు. జనం గొట్టాన్ని మెచ్చుకుని నాగబాబుతో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోయేవారు. లక్ష్ముడికి కడుపులో మంట ఇంకా పెరిగింది.

తనకూ ఒకటి చేసిపెట్టమని నాగబాబు అడిగినప్పుడు లక్ష్ముడు కాదనలేదు. చేశాడు. నాలుగు గుండ్లు పడాల్సిన పైపులో రెండే వేసి మూత బిగించాడు. కొన్నాళ్లు తిరిగి, ఇరుసుకు పాచి పట్టగానే గొట్టం మధ్యలో ఆగుతుందని అతనికి తెలుసు. ఆగితే ఏమవుతుందో కూడా తెలుసు.

పది రోజులు బాగానే తిరిగింది. దుర్గ వచ్చి, “నీ పుణ్యమా అని అమ్మని సూడ్డానికి ఎల్తన్నాను అన్నయ్యా” అని చెప్పి రైలెక్కింది. అప్పుడైనా వెళ్లి మూత విప్పుదామనుకున్నాడు. ఇవాళ, రేపు అంటూ రెండు రోజులు గడిపాడు.

మూడో రోజు నాగబాబు బజారు నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి తొట్టి ఎండిపోయి ఉంది. మోటారు ఉత్తినే గిరగిరా తిరుగుతోంది. అరచెయ్యంత పెరిగిన చేపలు అడుగున పడి చచ్చిపోయాయి. కబురు విని లక్ష్ముడు పరుగెత్తాడు. నాగబాబు చేపల్ని గంపలోకి ఏరుతూ, డ్రమ్ములు కడిగేటప్పుడు గొట్టానికి తన చెయ్యే తగిలి ఉంటుందన్నాడు. ఇంతలో సంగతి తెలిసి దుర్గ ఫోను చేసింది. తను ఊరెళ్లబట్టే ఇలా అయిందని ఏడుస్తోంది. ఆ ఏడుపు లక్ష్ముడికి కూడా వినిపించింది.

“దుర్గది తప్పు కాదు, నీదీ కాదు. గుండ్లు నేనే తక్కువేసినాను” అన్నాడు.

నాగబాబు ఫోను పక్కన పెట్టాడు. “ఏటికి బావా?”

“నీ పేరు ఇన్నప్పుడల్లా కడుపు మండిపోతాది. అందుకు.”

“పొరపాటున తగ్గినాయేమో.”

“నేదురా. లెక్క తెలిసే ఏసినాను.”

నాగబాబు గంప ఎత్తుకుని లోపలికి పోయాడు.

మర్నాడు లక్ష్ముడు తన చేపల్లో సగం బిందెల్లో పోసుకుని తీసుకెళ్లాడు. నాగబాబు ఇంట్లోంచి బయటికి రాలేదు. అప్పటికి తిరిగొచ్చిన దుర్గ బిందెలు అందుకుంది. ఆమె చూస్తుండగా మూత విప్పి మిగతా రెండు గుండ్లు వేశాడు. ఆమె మూత గట్టిగా ఉందో లేదో తన చేత్తో ఒకసారి తిప్పి చూసుకుంది.

నాలుగు నెలలు నాగబాబు అక్క ఇంటి గడప తొక్కలేదు. బుల్లమ్మే వెళ్లి చూసి వచ్చేది. అయినా ఎవరైనా గొట్టం కావాలని అడిగితే లక్ష్ముడి దగ్గరికే పంపేవాడు. కార్తీకంలో తన మోటారు చప్పుడు తేడాగా ఉందని నాగబాబే దాన్ని పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ కూర్చుని విప్పారు. మోటారు గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. బుల్లమ్మ ఇద్దరికీ ఒకేసారి అన్నం పెట్టింది.

తమ్ముడు వెళ్లాక ఆమె భర్తను సూటిగా అడిగింది, “ఆ మంట పోయినాదా మరి?”

లక్ష్ముడు చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాడు. “పోనేదు. ఉన్నాదని ఇప్పుడు నాకు తెలుస్తాది, అంతే” అన్నాడు.