దవడ కట్టు

మా ఇంట్లో అందరికంటే అందమైన ముక్కు నాదేనని మా నాయనమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించేది. కోటేరు వేసినట్టుండేదట. పసిదాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసినన్నాళ్లూ, నూనె వేళ్లతో రెండు వైపులా నొక్కి నొక్కి తనే దాన్ని తీర్చిందట. గొప్పంతా ఆవిడది. ఆ ముక్కులోంచి గాలి మాత్రం ఆడేది కాదు.

ఆడకపోతే నోటితో పీల్చుకోక ఏం చేస్తాను? మా తాతలు వలసొచ్చిన దీవిలో, వటుకౌలా అనే ఊళ్లో, మా నాన్న బంగారు గని పనివాడు. కంపెనీ ఇచ్చిన రేకుల ఇంటి వరండాలో నేను నోరు తెరుచుకుని కూర్చుంటే ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

"ముహ్ బంద్ కర్. మూయి నోరు. వెర్రిదాన్లాగ ఏటది? ఈగ పోతది."

మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది బళ్లో కొత్త జెండాలు పట్టుకుని ఫొటో దిగాం. జెండా బాగా పడింది. నా నోరూ పడింది. అది చూసి నాయనమ్మ పాత చీర చించి, నా గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి లాగి ముడేసింది. అమ్మ నా చేతులు పట్టుకుంది. అప్పటినుంచి బడి లేని ప్రతి మధ్యాహ్నం అదే పని. ఊపిరందక కాళ్లు కొట్టుకుంటే, "అలవాటవుతది" అనేది. నన్నలా కట్టి, పక్కనే చాప మీద తను నోరు తెరుచుకుని గురక పెట్టేది. చచ్చిపోతానని భయం వేసేది. ఆవిడే చస్తే బాగుండుననీ అనిపించేది.

పెళ్లీడుకు ముఖం పొడుగ్గా సాగింది, పళ్లు ముందుకొచ్చాయి, గడ్డం వెనక్కి పోయింది. గుర్రం మొహమని ఆవిడే పేరు పెట్టింది. పక్క ఊరు తవువాలో డాక్టరు చూసి చెప్పాడు: ముక్కు పైకి ఎలా ఉన్నా లోపలి దారి బాగా సన్నం. దాని వెనక చిన్నప్పుడు కండ పెరిగి ఆ కాస్తా మూసుకుపోయి ఉంటుంది. నోటితో పీలుస్తూ పెరిగినందువల్లే ముఖం ఎముకలు అలా కిందికి సాగి ఉండొచ్చు. అప్పుడే కండ తీయించి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఎముక ముదిరిపోయింది.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాయనమ్మ తల కూడా ఎత్తలేదు.

"ముక్కు నిక్షేపంలాగుంది. నువ్వే నోరు మూయలేదు."

కొన్నేళ్లకు ఆవిడ పోయింది, నోరు తెరుచుకునే. బిగుసుకుపోకముందే దవడ కట్టాలన్నారు. ఎవరికీ చేతులు ఆడలేదు. అమ్మ గుడ్డ తెచ్చి నాకిచ్చింది.

"నువ్వు కట్టమ్మా. నీకు తెలుసు గదా."

గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తెచ్చాను. సరిపోయాక కూడా ఇంకాస్త లాగి ముడేశాను. ఈసారి చేతులు పట్టుకునే పని లేక అమ్మ ఊరికే నిలబడింది.

"అలవాటవుతది" అన్నాను, అమ్మకు వినిపించేలా.