మెట్లలోంచి తీసిన గది

మా మామయ్య తాపీ మేస్త్రీగా మొదలై, అపార్ట్‌మెంట్లు కట్టి, బిల్డర్ల సంఘానికి అధ్యక్షుడై, చివరికి కౌన్సిలర్ కూడా అయ్యాడు. ఎన్ని పదవులు వచ్చినా మా అమ్మకు ఆయన చిన్నోడే. తల్లి లేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచిన అక్క ముందు ఆయన పెద్దరికం ఏనాడూ చెల్లలేదు.

ఆయన మొదటిసారి సొంతంగా కట్టిన అపార్ట్‌మెంట్‌లోనే మేముంటాం, నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. పునాదులు తీయకముందు సిమెంటు బస్తా మీద ప్లాను పరిచి అమ్మకు చూపించాడు.

"సామాన్ల గది ఏదిరా? పాత పెట్టెలన్నీ నా నెత్తిన పెట్టుకోనా?" అంది అమ్మ.

మామయ్య బుర్ర గోక్కుని, మెట్ల గీత చెరిపి లోపలికి జరిపాడు. అక్క మాట ఆయనకు శాసనం. అలా ప్రతి ఇంటికీ ఒక సామాన్ల గది వచ్చింది, జనం ఎగబడి కొన్నారు. మెట్లు మాత్రం ఎదురుపడిన ఇద్దరిలో ఒకరు గోడకు అతుక్కుంటే తప్ప దారి దొరకనంత ఇరుకయ్యాయి. మా బీరువా మలుపు తిరగక, తాళ్లు కట్టి బాల్కనీలోంచి లాగారు.

"రేపు నన్నూ ఇలాగే దింపుతావేమిట్రా?" అని అమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు.

సంఘం అధ్యక్షుడయ్యాక ఆ ప్లానే అందరికీ చూపించి, అంగుళం జాగా వృథా పోకూడదని పాఠాలు చెప్పాడు. కౌన్సిలరయ్యాక బుద్ధి మారింది. స్ట్రెచర్ తిరిగేంత వెడల్పు మెట్లు లేకుండా కొత్త ఇల్లు కట్టకూడదని పట్టుబట్టి నిబంధన తెచ్చాడు. సభలో చప్పట్లే చప్పట్లు.

"మరి మన మెట్ల సంగతేంటి మామయ్యా?" అనడిగాను.

"పాతవాటికి వర్తించదమ్మా" అన్నాడు, నా మొహం చూడకుండా. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ కట్టేసిన మెట్లను ఏం చేయమంటాను?

మొన్న పొద్దున అమ్మ ఆ సామాన్ల గదిలోనే స్టూలెక్కి, పెట్టె దింపబోయి జారిపడింది. తుంటి విరిగింది. కదిలించినప్పుడల్లా ప్రాణం పోయేలా అరుస్తోంది. ఆపరేషన్‌కు ఆలస్యం చేయొద్దని డాక్టరు ఫోన్‌లో గట్టిగా చెప్పాడు.

అంబులెన్సు వాళ్లిద్దరూ అమ్మను స్ట్రెచర్‌కు కట్టి మూడో అంతస్తు మలుపు దాకా దింపారు. అక్కడ దాని కొన గోడకు తగిలి ఆగిపోయింది. నిలువుగా ఎత్తబోతే అమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బాల్కనీలోంచి దింపడానికి ఫైరింజన్ వాళ్ల నిచ్చెన బండి రప్పిద్దామంటే మా సందులో అది పట్టదు.

మామయ్య మీటింగ్ మధ్యలోంచి పరుగెత్తుకొచ్చాడు. కింద నుంచే ఫోన్లు మొదలుపెట్టాడు. ఎవరు పలికినా "అయ్యో సార్" అనేవారే.

"గోడ కొట్టించు మామయ్యా, నీ మేస్త్రీలను పిలువు" అని పైనుంచి అరిచాను.

"అది గోడ కాదమ్మా, స్తంభం. కొడితే ఇల్లంతా కూలుతుంది. నేనే పోయించాను."

కనీసం ఓ చెయ్యి వేద్దామని గబగబా మెట్లెక్కి వచ్చాడు. అంబులెన్సు మనిషి వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "సార్, మీరు దిగిపోండి. మూడో మనిషికి ఇక్కడ చోటు లేదు."

మామయ్య కదల్లేదు. తన అక్క పాదాలు ఆయనకు బారెడు దూరంలోనే ఉన్నాయి. చెయ్యి చాపాడు, అందలేదు. ఎదుటివాళ్ల మీద కోప్పడటం అలవాటైన మనిషికి ఆ పూట కోప్పడటానికి కూడా ఎవరూ దొరకలేదు. నాకూ ఆయన మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

"పైకే తీసుకెళ్లండి నాయనా, నా వల్ల కాదు" అంది అమ్మ. వాళ్లు అంగుళం అంగుళంగా వెనక్కి ఎక్కసాగారు.

మామయ్య వెంట రాబోయాడు. అమ్మ కళ్లు మూసుకునే అంది, "నువ్వు కిందే ఉండరా చిన్నోడా. ఇరుకులో గోడకు కొట్టుకుంటావు."