హాస్టల్ గణపతి లడ్డూ పాట

మొదటి ఏడాదే చదువు మానేసినవాణ్ణి ఆ కాలేజీ పూర్వ విద్యార్థి అనవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు. కొత్వాల్‌గూడ బిక్షాన్నే అడిగితే, "పూర్వం ఆడ ఉన్న మాట నిజం. విద్యార్థినా కాదా అన్నది మా సార్లే చెప్పాలె" అంటాడు.

శంషాబాద్ అవతలి ఇంజనీరింగ్ యూనివర్సిటీలో అతన్ని ముంచింది డ్రాయింగ్ పేపరు. స్కేలు పెట్టి గీసినా గీత వాగులా వంకరపోయేది. చివరకు టెంట్‌హౌస్ పెట్టుకున్నాడు. అతను వేసిన షామియానా కూడా ఓ పక్కకు ఒరిగే ఉంటుంది. "వాన నీళ్లు జారిపోవద్దా" అంటాడు. ఊళ్లో ఏటా గణపతి లడ్డూ వేలం నడిపేదీ అతనే. బాలాపూర్ పాట చూసొచ్చిన నాటి నుంచి నిద్రలో కూడా "ఒకటోసారి, రెండోసారి" అంటాడట. భార్య మంజుల లేచి "మూడోసారి" అంటే గాని గురక మొదలవదట.

నిరుడు వినాయక చవితి పండుగ రోజుల్లోనే యూనివర్సిటీలో పాత విద్యార్థుల సమ్మేళనం జరిగింది. కుర్చీలు, మైకు బిక్షానివి. ఏర్పాట్లు చూసే ప్రొఫెసర్ చాముండేశ్వరి పొద్దుటి నుంచీ దిగులుగా ఉంది. ఇంట్లో జరుగుబాటు లేని పిల్లలకు హాస్టల్ మెస్సులో అన్నం పెట్టేది పాత విద్యార్థులు ఇచ్చే నిధి. అది అడుగంటింది. ఆ రోజు ఏమీ పోగవకపోతే వచ్చే నెల నుంచి ఆ పిల్లలు ఇళ్లకు పోవలసిందే.

వచ్చినవాళ్లు మంచివాళ్లే. ఒక్కొక్కరే వేదికెక్కి, మెస్సు సాంబారులో ముక్క కోసం ఈదిన కథ చెప్పి కళ్లు తుడుచుకున్నారు. తీరా "నా వంతుగా..." అనేసరికి నెత్తి మీంచి విమానం పోయేది. ఆ చప్పుడు తగ్గేలోగా చప్పట్లు కొట్టించుకుని దిగిపోయేవారు.

బిక్షం మైకు వైరు సర్దుతూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"మేడం, గిట్ల అడిగితే ఇయ్యరు. హాస్టల్ గణపతి చేతిల లడ్డూ ఉంది గద. పాట పెడ్త."

"ఇంజనీర్లండీ వీళ్లు. వేలం పాటంటే బాగుండదేమో."

"ఇంజనీర్లయితే ఏంది మేడం, పక్కోడు ఎక్కువ పాడితే మండదా?"

లడ్డూ వచ్చింది. పండుగ మొదటి రోజుదేమో, బల్ల మీద పెడితే ఠంగుమంది. ముందు వరుసలో భవనాలు కట్టే రాజారావు కూర్చుని ఉన్నాడు. బిక్షం మైకులో అడిగాడు.

"సారుది హాస్టల్ల ఏ బ్లాకు?"

"‘ఏ’ బ్లాకేనండీ. అయితే నేను గుప్తదానం చేద్దామని అనుకుంటున్నాను."

"గుప్తదానం గుప్తంగనే ఉండిపోతది సార్, బయటికే రాదు. ఇగ సీ బ్లాకోళ్లు ఎవరన్న ఉన్నరా, అప్పటి సాంబారుకే పోయిన్రా?"

వెనక నుంచి ప్లాట్ల వ్యాపారి, బుద్వేల్ వీరేందర్ లేచాడు. "ఉన్నం అన్నా. మా బకెట్లు ఎత్కపోయినోళ్లే ‘ఏ’ బ్లాకోళ్లు. లడ్డూ గూడ ఎత్కపోనిస్తమా? పదివేలు."

"బకెట్ల సంగతి పచ్చి అబద్ధమండీ" అంటూ రాజారావు లేచాడు. "ఇరవై."

పాట వేడెక్కింది. లక్ష దాటాక రాజారావు మెల్లిగా, "డబ్బు ఎప్పటికి కట్టాలండీ?" అన్నాడు.

"వచ్చే ఏడు పాటకు ముందు కడ్తె చాలు సార్" అనేశాడు బిక్షం.

కొత్వాల్‌గూడలో అదే రివాజు. పాడినవాడికి పంట చేతికి రావాలని పెద్దలు పెట్టిన గడువు. ఆ మాట వినగానే అంతవరకూ నేల చూపులు చూస్తున్నవాళ్లు కూడా చేతులెత్తారు. ధర ఎక్కడికో పోయింది. లడ్డూ రాజారావుకు దక్కింది. హాస్టల్ గణపతి దగ్గరి డప్పులు మోగాయి.

చాముండేశ్వరి పరుగున వచ్చింది. "ఏడాదా? బిక్షం గారూ, వచ్చే నెల పిల్లలేం తింటారండీ?"

"నోటికి అలవాటు మేడం. జర ఆగుండ్రి, పరేషాన్ గాకుండ్రి."

బిక్షం మళ్లీ మైకు పట్టుకున్నాడు. "పాట ఒడిసింది. ఇగ ప్రసాదం. గెలిచినోడు ఒక్కడే తింటే అరగదు, అందరికి పంచాలె. ముక్క తీస్కున్నోళ్లు పళ్లెంల పైసలు ఏసి పోవాలె. పాటకు ఉద్దెర ఉంటది గని, ప్రసాదానికి ఉద్దెర లేదు."

"ఫోన్ల ఏస్తే నడుస్తదా?" అన్నాడు వీరేందర్.

"మేడమోళ్ల స్కానర్ కాయితం పళ్లెంలనే పెట్టిన అన్నా."

లడ్డూ మాత్రం పగలలేదు. రాజారావు బల్ల అంచుకేసి కొడితే బల్ల పెచ్చు ఊడింది. ఇంజనీర్లందరూ చుట్టూ మూగి బలం ఏ మూల పడాలో వాదించుకున్నారు. బిక్షం మేకులు దిగగొట్టే సుత్తె తెచ్చి ఒక్కటిచ్చాడు. ముక్కలు నాలుగు దిక్కులా ఎగిరాయి. సూట్లు వేసుకున్నవాళ్లు కుర్చీల కింద దూరి ఏరుకున్నారు.

"కింద పడ్డది గూడ ప్రసాదమే" అని బిక్షం మైకులో గుర్తుచేశాడు.

పళ్లెం ముందు వరుస కట్టారు. ముందువాడు ఎంత వేశాడో వెనకవాడు తొంగి చూసి, అంతకంటే కాస్త ఎక్కువ వేశాడు. వీరేందర్ వేసింది చూసి రాజారావు రెండో ముక్క కోసం మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

చాముండేశ్వరి ఫోను చూసుకుంది, పళ్లెం చూసుకుంది. మెస్సుకు ఫోన్ చేసి, "ఎవరి పేరూ కొట్టెయ్యకండి, పిల్లలందరూ ఉంటారు" అని చెప్పింది. ఆ సంగతి బిక్షానికి చెబుదామని ఇటు తిరిగింది.

జనమంతా వరుసలో నిలబడటంతో కుర్చీలు ఖాళీ అయ్యాయి. బుద్వేల్‌లో సాయంత్రం పెళ్లికి ఆ కుర్చీలే కావాలి. అవన్నీ ట్రాలీ ఆటో ఎక్కించుకుని, బుగ్గన పెట్టుకున్న లడ్డూ ముక్కతో కుస్తీ పడుతూ, బిక్షం అప్పటికే గేటు దాటిపోయాడు.