అడుగు తాకని గీత

నా కూతురు ఫిజిక్సు నోట్సులో, కాలం గడిచేకొద్దీ రేడియం సగానికి సగం తరిగిపోయే గీత గీస్తోంది. గీత దిగుతూనే ఉంటుంది గానీ అడుగు తాకదు.

చిన్నప్పుడు ఉద్దానంలో మా బడిలో నేనా పాఠం విన్న రోజే, నాన్న కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయని డాక్టరు చెప్పాడు. కొబ్బరితోట మాదే అయినా, ఆ కిడ్నీలకు పడవని నాన్నను బొండాం నీళ్ళు తాగొద్దన్నాడు. తోటలో ఇసుక మీద ఈనెపుల్లతో గీత గీసి నాన్నకు చూపించాను.

"సగంలో సగం ఎప్పుడూ మిగుల్తాది నాన్నా. సున్నా అవదు."

"నిజివేనేటి?"

"మా మేష్టారు సెప్పారు."

"అలగైతే మీ అమ్మకి సెప్పు, ఏడుత్తంది."

బొండాం చెక్కి నాకిచ్చి, నేను తాగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

మరుసటి వేసవికి నాన్న లేడు.

"ఈ గీత ఎప్పటికైనా అడుగు తాకుతుందా అమ్మా?" అడిగింది కూతురు.

"పుస్తకంలో తాకదు," అన్నాను.