పక్కకు జరిగి నిలబడిన మనిషి

మస్కట్‌లో దిగింది జూన్ రెండో వారంలో. పొద్దున ఆరు గంటలకే ముప్పై ఆరు డిగ్రీలు. కంపెనీ బస్సు మమ్మల్ని ఘాలాలోని క్యాంపుకు చేర్చింది. అక్కడ రెండు రోజులు. మూడో రోజు ఒక పికప్ బండి వచ్చి నన్నొక్కణ్ణే ఎక్కించుకుని నిజ్వా వైపు వెళ్లింది. రెండు గంటల దారి. ఇరువైపులా పచ్చ లేని కొండలు, కాల్చిన ఇటుక రంగులో.

సామాను ఒక కిట్ బ్యాగు. రెండు జతల యూనిఫాం, బూట్లు, టార్చి, దుప్పటి, డిశ్చార్జి పుస్తకం. పదిహేడేళ్లు పదాతి దళంలో చేశాను. అందులో రెండు దఫాలు కశ్మీర్ లోయలో. హవల్దారుగా రిటైరై జగిత్యాల దగ్గరి మా ఊరికి వచ్చి, లైసెన్సు తీసుకుని డబుల్ బ్యారెల్ తుపాకి కొన్నాను. ఆ తుపాకితోనే బ్యాంకు ముందు నాలుగేళ్లు కూర్చున్నాను. ఒమన్ వీసా రాగానే దాన్ని పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పాను. ఊళ్లో అడిగినవాళ్లకు "మళ్ల పోస్టింగ్ పడ్డది" అని చెప్పాను. కాపలా పని అనడానికి నోరు రాలేదు.

పోస్టింగ్ ఒక ఖర్జూర తోట. చుట్టూ ఎనిమిది అడుగుల గోడ. ఉత్తరాన ఇనుప గేటు, దానికి కంటి ఎత్తులో రూపాయి బిళ్లంత రంధ్రం. తూర్పున పంపు గది, దాని పక్కన చిన్న తలుపు. పడమట వెనక దారి, అక్కడి నుంచి నలభై అడుగుల్లో పక్క తోట వాళ్ల ఇల్లు. మనుషులం ఇద్దరమే. నేను, బంగ్లాదేశ్ తోటమాలి. గేటు దగ్గర తప్ప తోటలో ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని ఇద్దరికీ చెరొక వాకీటాకీ ఇచ్చారు.

యజమాని రిటైరైన సైనికాధికారి. డెబ్భై ఏళ్లుంటాయి. మేము అర్బాబ్ అనేవాళ్లం. ఉండేది మస్కట్‌లో, ఖురంలో. గురువారం సాయంత్రం వచ్చి శనివారం పొద్దున వెళ్లేవాడు. మొదటి గురువారమే నా డిశ్చార్జి పుస్తకం తిరగేసి, వచ్చినవాళ్లు కూర్చునే మజ్లిస్ గదిలోని అల్మరా తెరిచి చూపించాడు. లోపల పాత త్రీ నాట్ త్రీ రైఫిల్. వాళ్ల నాన్నదట. పక్కన రేకు డబ్బాలో తూటాలు.

"లైసెన్సు నాది," అన్నాడు ఉర్దూలో. "నువ్వు సిపాయివి కాబట్టి వారానికోసారి తుడిచి నూనె పెట్టు. తుడిచాక తాళం. అంతకు మించి ముట్టుకోకు. ఇక్కడ నువ్వు సిపాయివి కాదు."

"జీ సాబ్," అన్నాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.

పరాయి దేశం వాడు ఆ రైఫిల్ ముట్టుకోవడమే తప్పని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా ఆ తాళంచెవి నడుముకు తగులుతుంటే నాకు మళ్లీ ర్యాంకు వచ్చినట్టుండేది.

పక్క ఇంట్లో పని చేసే ఆవిడ కడప జిల్లా మనిషి. పేరు ఓబుళమ్మ. వాళ్ల మేడమ్ ఏదైనా వండితే మాకూ ఒక గిన్నె పంపేది. ఓబుళమ్మ పూల నైటీ మీద కండువా కప్పుకుని వెనక దారిలో వచ్చి ఇచ్చిపోయేది.

"ఏమన్నా, మిలిట్రీ అంట గదా నువ్వు," అంది మొదటిసారి. "ఖర్జూరపండ్లకు మిలిట్రీ కావల్నా?"

"కాకుల్ని అడుగక్కా. నన్ను జూస్తెనే ఉరుకుతున్నయి."

"నిన్ను జూసి కాదులే, నీ మీసం జూసి."

జూలై మూడో వారంలో రెండు కిలోమీటర్ల అవతల ఒక తోటలో దొంగలు నీళ్ల మోటారు ఎత్తుకుపోయారు. అర్బాబ్ ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పాడు. గేటు తాళం తీయకు. ఎవరొచ్చినా లోపలి నుంచే ఎవరని అడుగు. అనుమానం ఉంటే నాకు ఫోన్ చెయ్యి. నేను పోలీసులకు చెప్తాను అన్నాడు. నేను ఊఁ కొట్టాను. అదే వారం కాలువ మరమ్మతుకని వెనక దారి తవ్వేశారు. ఇక వచ్చేవాళ్లెవరైనా ముందు గేటుకే రావాలి. ఆ సంగతి నా బుర్రలోకి ఎక్కలేదు.

ఆ రోజు మంగళవారం. నలభై ఆరు డిగ్రీలు, వేడి గాలి. తోటమాలి చెట్టెక్కి గెలలు కోస్తున్నాడు. నా వాకీటాకీ నేను పడుకునే గదిలో చార్జింగ్‌కు పెట్టి అక్కడే వదిలేసి, పంపు గది నీడలో కూర్చున్నాను. మూడు నలభైకి గేటు మీద చప్పుడు. మూడు దెబ్బలు. ఆగింది. మళ్లీ మూడు.

గేటు దగ్గరికి వెళ్లి రంధ్రంలోంచి చూశాను. ఎదురుగా ఎవరూ లేరు. ఎడమ వైపు నేల మీద మాత్రం నీడ అంచు కనిపించింది. గోడకు ఆనుకుని ఎవరో ఉన్నారు.

కశ్మీర్‌లో ఇళ్లు సోదా చేసేటప్పుడు తలుపు కొట్టి పక్కకు జరిగేది మేమే. లోపలి నుంచి కాలిస్తే తగలకూడదని. తలుపుకు ఎదురుగా నిలబడని మనిషి ఎందుకొచ్చాడో నాకు తెలుసనుకున్నాను. ఎవరని అడగలేదు. ఒక్క మాట. అది అడగలేదు.

మజ్లిస్‌లోకి పరుగెత్తాను. తాళం, అల్మరా, రైఫిల్, డబ్బా, తూటా. అన్నీ ఒకేచోట ఉన్నాయి కాబట్టి నిమిషం కూడా పట్టలేదు. తూటాలు వేరే గదిలో, వేరే తాళం కింద ఉండి ఉంటే ఆ నడకలో నాకు బుద్ధి వచ్చేదేమో. తూర్పు తలుపులోంచి బయటికి వెళ్లి గోడ వెంట చుట్టూ తిరిగి వచ్చాను, వెనక నుంచి పట్టుకోవాలని. నిజం చెప్తున్నాను, ఆ గోడ వెంట నడుస్తుంటే నాకు భయం లేదు. సంతోషంగా ఉంది.

మూల తిరిగాను. పదిహేను అడుగుల దూరంలో నల్ల బట్ట కప్పుకున్న మనిషి. నాకు వీపు. మోచేతులు వంచి ముందు ఏదో పట్టుకున్నట్టుంది. రైఫిల్ భుజానికి ఎత్తాను. సేఫ్టీ తీశాను. వేలు ట్రిగ్గర్ మీద ఉంది. మొదటి ఒత్తిడి తీసుకున్నాను. ఇంకొంచెం నొక్కితే తూటా వెళ్లిపోతుంది.

"హాత్ ఊపర్," అని అరిచాను.

రెండు చేతులూ పైకి లేచాయి. పింగాణీ గిన్నె రాళ్ల మీద పడి పగిలింది. పొగలు కక్కుతున్న హరీస్, గోధుమలూ మాంసం కలిపి మెత్తగా ఉడికించింది, ఆవిడ పాదాల మీద పడింది. పాదాలు కదలలేదు.

"నేనన్నా, ఓబుళమ్మను," అంది వెనక్కి తిరగకుండానే. "కాల్చాకు అన్నా."

వేలు తీశాను. బోల్టు లాగాను. తూటా నేల మీద పడింది. దాన్ని ఏరి జేబులో వేసుకున్నాను. పైపు తెచ్చి ఆవిడ కాళ్ల మీద నీళ్లు వదిలాను.

"పక్కకెందుకు నిలబడ్డవక్కా? ఎదురుంగ ఉంటే కనబడుదువు గదా."

"వీధి మీదికొస్తే ఈ నల్ల బట్ట కప్పుకోవల్లంట. ఈడ అట్లే నిలబడాలంట. తలుపు దీస్తే ఇంట్లోకి మన కండ్లు పోగూడదని మేడమ్ నేర్పిచ్చింది. మూడుసార్లు కొట్టి, పలక్కపోతే ఎల్లిపోవల్లంట. నేను ఎల్లిపోదామనే అనుకుంటాండా."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది. "ఇది ఎవ్వలకు జెప్పకు అక్కా. నేను జైలుకు పోత."

ఆవిడ గిన్నె ముక్కలు నల్ల బట్ట చెంగులో ఏరుకుంది. "చెయ్యి జారిందని చెప్పుకుంటాలే. నువ్వు ముందు ఆ తుపాకి లోపల పెట్టు."

గదికి వచ్చేసరికి చార్జింగ్‌లో ఉన్న వాకీటాకీలోంచి తోటమాలి గొంతు. "హవల్దార్ భాయ్, కబ్ సే బోల్ రహా హూఁ. బాజూవాలీ దీదీ గేట్ పే హై, ఖానా లేకే." పక్కింటి అక్క తిండి తీసుకుని గేటు దగ్గరుందని. చెట్టు మీది నుంచి ఆవిడ రావడం చూశాడు. పావుగంట నుంచి పిలుస్తున్నాడు.

రెండు రోజులు నేను ఏమీ చెయ్యలేదు. డ్యూటీ చేశాను, తిన్నాను, పడుకున్నాను. గురువారం పొద్దున తోటమాలి వాకీటాకీలో చెప్పాడు. గిన్నె మేడమ్ వాళ్ల అమ్మదట. దీదీ చేతులు వణుకుతున్నాయని, ఏదో జబ్బు దాస్తోందని వాళ్ల అనుమానమట. శనివారం ఏజెంటుకు అప్పగిస్తారట.

"దీదీ ఏమంది?" అని అడిగాను.

"కుఛ్ నహీఁ. కపడే బాంధ్ రహీ హై."

ఓబుళమ్మ మూటాముల్లె సర్దుకుంటోంది. నోరు తెరిచి ఒక్క మాట చెబితే తాను ఉంటుంది, నేను పోతాను. చెప్పలేదు. నేను చెప్పొద్దన్నాను కాబట్టి చెప్పలేదు. ఇద్దరిలో సిపాయి ఎవరో ఆ పొద్దున నాకు తెలిసింది.

సాయంత్రం అర్బాబ్ కారు దిగగానే ఎదురెళ్లి, అటెన్షన్‌లో నిలబడి మొత్తం చెప్పాను. సంతోషంగా ఉందన్న సంగతి కూడా చెప్పాను. ఆయన చివరికి ఒక్క ప్రశ్న వేశాడు.

"ఎవరని అడిగావా?"

"లేదు సాబ్."

"మా నాన్న ఈ గేటు పెట్టించినప్పుడు ఆ రంధ్రం నోటి ఎత్తులో ఉండాలన్నాడు. చూడటానికి కాదు, అడగటానికి. నేనే తర్వాత కంటి ఎత్తుకు మార్పించాను." చెయ్యి చాపాడు. తాళంచెవి ఇచ్చాను. "ఇది నీకిచ్చింది నేను. నా తప్పు నేను చూసుకుంటాను. పద."

ఇద్దరం పక్క ఇంటికి వెళ్లాం. ఆయన మూడుసార్లు తట్టి పక్కకు జరిగి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. నేనూ అలాగే నిలబడ్డాను. మేడమ్ భర్త వచ్చాడు. ఆయన ముందు మళ్లీ మొదటి నుంచి చెప్పాను. లోపలి గదిలోంచి ఏడుపు వినిపించింది. అది ఓబుళమ్మది కాదు, మేడమ్‌ది. ఓబుళమ్మ మూట విప్పేసింది.

శనివారం అర్బాబ్ రైఫిల్‌ను తనే తీసుకెళ్లి పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పి, జరిగింది చెప్పాడు. నన్నూ పిలిచారు. వాంగ్మూలం రాసుకున్నారు. వీసా రద్దు చేసి పంపేశారు. అంతకన్నా ఎక్కువ శిక్షే పడాలి నాకు. బండి ఎక్కుతుంటే గోడ అవతల నుంచి ఓబుళమ్మ పలికింది. "పోయొస్తావా మిలిట్రీ అన్నా? కాకులకు నేను చెప్తాలే."

మొత్తం నలభై నాలుగు రోజుల డ్యూటీ.

ఊరికి వచ్చాక స్టేషన్ నుంచి నా డబుల్ బ్యారెల్ తెచ్చుకున్నాను. బ్యాంకు ఉద్యోగానికి అది కావాలి. ఇంట్లో ఉన్నంతసేపు అది గోడకు బిగించిన ఇనుప పెట్టెలో ఉంటుంది. తూటాలు వంటింటి పక్క గదిలో, వేరే తాళంతో. ఆ తాళంచెవి మా ఆవిడ దగ్గర. తలుపు చప్పుడైతే పెట్టె వైపు చూడను. కిటికీ దగ్గరికి వెళ్లి, మూసిన తలుపు ఇవతలి నుంచే "ఎవలు?" అని అడుగుతాను. తెలియని గొంతయితే పనేంటో అడుగుతాను. జవాబు నచ్చకపోతే తలుపు తీయను, ఫోన్ తీస్తాను. మా ఊళ్లో తుపాకి ఉన్న ఇద్దరు ముగ్గురికీ ఇదే చెప్పాను. ఒకడు నవ్వాడు. "ఇంట్ల తుపాకి బెట్టుకోని ఎవలని అడుగుడేందన్నా?" అన్నాడు. ఇంట్లో తుపాకి ఉన్నవాడే అడగాలి.

మా ఇంటికి ఎవరు వచ్చినా తలుపుకు ఎదురుగానే నిలబడతారు. ముఖం కనిపిస్తుంది. అయినా గడియ మీద చెయ్యి వేసిన ప్రతిసారీ నాకు కనిపించేది ఆ గోడ, ఆ ఎండ, నా రైఫిల్ గురిలో నల్ల బట్ట కప్పుకున్న ఒక వీపు. మా ఇంట్లోకి తన చూపు పడకూడదని అటు తిరిగి, రెండు చేతుల్లో గిన్నె పట్టుకుని, లోపలి నుంచి ఒక్క మాట కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.