పద్మలో వదిలిన గాజులు

దుబాయ్‌లో మా అల్ ఖూజ్ గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. నాది రాజమండ్రి పక్క పల్లె. డ్రైవరన్నది జగిత్యాల వైపు. ఆయనా గోదారి ఒడ్డునే పెరిగాడు గానీ, దాన్ని గంగ అంటాడు. "మా గంగ" అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. గంగెక్కడ, గోదారెక్కడ అని దెబ్బలాడేవాణ్ణి. మూడో మనిషి బంగ్లాదేశ్ భాయ్. వాళ్లూరు పద్మా నది ఒడ్డున. మా తగవు వింటూ, నవ్వుకుంటూ చేపల కూర కలియబెట్టేవాడు.

కరోనా ఏడాది అన్న భార్య పోయింది. విమానాలు లేవు. చితి వెలిగించడం కూడా ఆయన ఫోన్లోనే చూశాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆవిణ్ణి కాశీకి తీసుకెళ్తానని ఊరిస్తూ వచ్చాడట. ఈసారి సెలవుకి తప్పకుండా వెళ్లి, ఆవిడ చేత్తోనే గంగమ్మకి ఇప్పించాలని ఆకుపచ్చ గాజులు కొనిపెట్టాడు. అవి అలాగే పెట్టెలో ఉండిపోయాయి.

విమానాలు మొదలయ్యాక భాయ్‌కి సెలవు దొరికింది. అన్న అడిగితే ముదీర్, అదే మా మేనేజరు, ఇంకా ఆగమన్నాడు. సంవత్సరీకం దగ్గర పడుతోంది. ఓ శుక్రవారం అన్నాల దగ్గర అన్న మెల్లగా కదిపాడు.

"మీ పద్మకు నీళ్లు యాడికెళ్లి వస్తయి భాయ్?"

నేను ఫోన్లో మ్యాప్ తీశాను. కాశీ మీద వేలు పెట్టి, పాట్నా మీదుగా కిందికి లాక్కొచ్చాను. సరిహద్దు గీత దాటాక గంగ అన్న పేరు పోయి పద్మ అని కనబడింది. అన్న ముఖం వాడిపోయింది.

"పేరే మారిపాయె తమ్మీ. గంగమ్మా అంటే పలుకుతదా?"

నది పేరు కోసం రోజూ కొట్లాడే నేను ఆ పూట ఫోన్ పక్కన పెట్టేశాను. భాయే హిందీలో అన్నాడు, "కాశీ దాటిన నీళ్లే మా రేవుకొస్తాయి. ఇవ్వు, నేను వదులుతాను." అన్న గాజుల్ని తువ్వాల్లో చుట్టి, పసుపు కుంకుమ పొట్లం జతచేసి ఇచ్చాడు. ఇచ్చాక కూడా భాయ్ చేతులు వదల్లేదు.

వారం తిరక్కుండానే భాయ్ పడవలోంచి వీడియో కాల్ చేశాడు. నెత్తిన టోపీ, ఒళ్లో తువ్వాలు. వెనకాల అంతా నీళ్లే, అవతలి ఒడ్డు కనబడలేదు.

"మీవాళ్లు ఏదో చెప్పి వదులుతారు కదా, ఏమనాలి?"

గంగమ్మ అనాలో, పద్మమ్మ అనాలో తేలక అన్న నా వైపు చూశాడు. భాయే అందుకున్నాడు.

"నది సంగతి నేను చూసుకుంటా. ఎవరి తరఫున ఇస్తున్నానో చెప్పు. భాభీ పేరేంటి?"

అన్న గతుక్కుమన్నాడు. భార్యని పేరు పెట్టి పిలవడం వాళ్లింట్లో లేదు. పెళ్లయిన రోజు గడప దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి పేర్లు చెప్పిస్తారే, అప్పుడు చెప్పిందే ఆఖరు. తర్వాతంతా "పోరగాళ్ల తల్లి"యే. మా దగ్గరా అంతే.

పడవ ఊగుతోంది. భాయ్ గాజులు పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. అన్న ఫోన్ నోటి దగ్గరికి తీసుకుని, రేవు అవతల ఉన్న మనిషిని కేకేసినట్టు గట్టిగా ఆమె పేరు పిలిచాడు. భాయ్ తన యాసలో ఆ పేరే మళ్లీ అని, గాజులు నీళ్లలో వదిలాడు.

ఇన్నేళ్లు ఒక్క గదిలో ఉండీ, ఆవిడ పేరు నాకు అప్పుడే తెలిసింది.