కొల్లేటికోట బ్యాక్‌కి కుట్టిన బూట్లు

ఏలూరు గ్రంథాలయంలో నేను తెరవని బీరువా లేదు. మిషన్ బడిలో నాలుగో తరగతితో చదువు ఆగిపోయినా, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదవడం అలవాటు చేసుకున్నాను. రాజుల యుద్ధాల మీద, సముద్రయానాల మీద, చివరికి తేనెటీగల పెంపకం మీద కూడా అక్కడ పుస్తకాలున్నాయి. మన కొల్లేటి కుర్రవాడొకడు ఫుట్‌బాల్ ఆడి జీతం తెచ్చుకున్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. అతని బూట్లు కుట్టింది నేను. నేను రాయకపోతే ఇక ఎవరూ రాయరని తోచి ఇది రాస్తున్నాను.

అది 1935, వానాకాలం. కాలువగట్టున నా చెప్పుల దుకాణం. ఒక మధ్యాహ్నం మిషన్ బడి డ్రిల్ మాస్టారు సుందరరావు గారు ఒక పొడవాటి కుర్రవాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. పేరు పెద్దిరాజు, ఊరు కొల్లేటికోట, చేపల వేట కుటుంబం. మాస్టారి జట్టులో బ్యాక్. అంటే గోలు ముందర కాపు కాసి, బంతితో వచ్చేవాళ్ళను ఆపేవాడు.

"యోహానూ, వీడికి ఫుట్‌బాల్ బూట్లు కుట్టాలయ్యా. మద్రాసు కంపెనీ జట్టువాళ్ళు వీణ్ణి చూడ్డానికి తాడేపల్లిగూడెం వస్తున్నారు" అన్నారు మాస్టారు.

అప్పట్లో మన జిల్లాలో అందరూ వట్టి కాళ్ళతోనే ఆడేవారు. మద్రాసులో వానాకాలం పోటీలకు బూట్లుండాలి. బురదలో జారకుండా బూట్లతో ఆడగలిగితే కంపెనీలో చోటిస్తామన్నారట. కాగితం మీద గోదాములో ఉద్యోగం, చేయవలసిన పని ఆట. కొల్లేరు పొంగినా వేట ఉండదు, ఎండినా ఉండదు. పెద్దిరాజు తండ్రికి చూపు మందగించింది. నెలనెలా వచ్చే జీతమన్నది ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"ఇంతకు ముందు జోళ్ళు తొడిగావా?" అని అడిగాను.

"పెళ్ళికి తొడుక్కుందామనుకున్నానండీ. పెళ్ళి తప్పిపోయింది" అన్నాడు. మాస్టారు నవ్వారు గాని అతను నవ్వలేదు.

కొలత తీసుకోవడానికి అతణ్ణి పీట మీద కూర్చోబెట్టి, పాదం కాగితం మీద పెట్టించి చుట్టూ గీత గీశాను. తరువాత లేచి నిలబడమంటే పాదం ఆ గీతలన్నీ దాటి పరుచుకుంది. చిన్నప్పటి నుంచి పడవ చెక్క మీద, చెరువు బురదలో వేళ్ళతో పట్టు చిక్కించుకున్న కాళ్ళవి. వేళ్ళు విసనకర్ర విప్పినట్టు విడివిడిగా ఉన్నాయి. బూటు కుట్టాలంటే ముందు లాస్టు ఉండాలి. అది పాదం ఆకారంలో చెక్కిన దిమ్మ, దాని మీద తోలు బిగించి కుడతాం. నా దగ్గరున్న లాస్టుల్లో ఒక్కటీ ఈ పాదానికి పనికిరాలేదు. అతను నిలబడి ఉండగా మళ్ళీ గీత గీసి, మామిడి చెక్కతో కొత్తవి చెక్కాను.

ఇక బూటు సంగతి. గ్రంథాలయం నడిపే శేషయ్య గారు వెతికి ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఫుట్‌బాల్ బూటు వివరమూ, బూట్లతో ఆడుతున్నవాళ్ళ బొమ్మా ఉన్నాయి. అడుగున బార్లు, అంటే జారకుండా అడ్డంగా కొట్టే తోలు పట్టీలు. ముందు భాగంలో గట్టి టో, అంటే పైతోలుకూ లోపలి లైనింగుకూ మధ్య పెట్టే బిరుసు తోలు ముక్క. తన్నేవాడి వేళ్ళు నలగకుండా అది కాపాడుతుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కుట్టాను. నా భార్య మరియమ్మ దారానికి మైనం పట్టించింది. పూర్తయ్యాక టో మీద గుప్పిటతో కొడితే తలుపు కొట్టినట్టు మోగింది. ఇంగ్లండులో కుట్టిన బూటుకు ఇది తీసిపోదని చాలా సంతోషపడ్డాను.

బూట్లు తొడుక్కుని పెద్దిరాజు కాలువగట్టున పరుగెత్తాడు, గోడకు బంతి కొట్టి ఆపాడు. ఎక్కడా కరవలేదన్నాడు. అయినా అవసరమైతే సరిచేయడానికని మాస్టారు నన్ను కూడా పందేనికి రమ్మన్నారు. సంచీలో పనిముట్లు వేసుకుని వెళ్ళాను.

తాడేపల్లిగూడెంలో ముందురోజు నుంచి ముసురు. మైదానమంతా చిత్తడి. అక్కడి జట్టులో సూరిబాబు అని మెరుపులాంటి ఆటగాడున్నాడు. పెద్దిరాజు కాళ్ళు చూసి, "ఏవయ్యా కొల్లేరూ, వరదొస్తాదని కాళ్ళకి పడవలు కట్టుకొచ్చావా?" అన్నాడు. చూడవచ్చినవాళ్ళంతా నవ్వారు. మద్రాసు పెద్దమనిషి గొడుగు కింద కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

ఆట మొదలైంది. మిగతావాళ్ళు జారి పడుతుంటే పెద్దిరాజు నిలబడ్డాడు. బంతిని దూరంగా కొడుతున్నాడు కూడా. కాసేపటికి సూరిబాబు బంతి తీసుకుని పక్క నుంచి దూసుకొచ్చాడు. బంతి ఇద్దరి మధ్యా ఉంది. పెద్దిరాజు కాలు అడ్డం పెడితే చాలు. పెట్టబోయి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. సూరిబాబు అతణ్ణి దాటిపోయి గోలు కొట్టాడు. తరువాత మరొకసారీ అంతే. గోలు కాసేవాడు బంతి పట్టుకున్నాడు గనక సరిపోయింది. మద్రాసు పెద్దమనిషి పక్కనున్నవారితో ఏదో అని పెదవి విరిచాడు.

విరామంలో మాస్టారు మండిపడ్డారు. "ఏవిట్రా అది? బంతి కాళ్ళ దగ్గరకొస్తే కాలు తీసేస్తావేంటి? భయమా?"

పెద్దిరాజు తల వంచుకుని బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు.

"విప్పితే ఉద్యోగం పోద్దిరా" అన్నారు మాస్టారు.

"ఆడి కాలు వట్టిదండీ" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి, "యోహాను గారండీ, ఈ జోడుతో నేను కాలడ్డం పెడితే ఆడి ఎముక ఉంటాదాండీ? ఆడూ కూలి చేసుకు బతికేవోడేనండీ" అన్నాడు.

బూటు చేతిలోకి తీసుకున్నాను. పుస్తకంలోని బొమ్మ కళ్ళ ముందు మెదిలింది. ఆ బొమ్మలో ఎదురుగా ఉన్నవాడి కాళ్ళకూ బూట్లున్నాయి.

సంచీలోంచి కత్తీ పట్టకారూ తీశాను. లోపలి లైనింగు కోసి, గట్టి ముక్కను పట్టుకుని లాగడం మొదలుపెట్టాను.

"బాగున్న బూటు పాడు చేస్తావేంటయ్యా?" అన్నారు మాస్టారు.

"మీరు కంగారు పడకండి మాస్టారండీ. బ్యాక్ బంతిని మీగాలితో కొడతాడు గాని వేళ్ళతో కొట్టడు గదండీ. జారకుండా ఆపేవి అడుగునున్న బార్లు. అవి ఉన్నాయి."

రెండు ముక్కలూ ఊడివచ్చాయి. బూట్ల ముందు భాగం మెత్తబడింది. పెద్దిరాజు వాటిని తొడుక్కుని సరాసరి అవతలి జట్టు కూర్చున్న చోటికి నడిచాడు. సోడా తాగుతున్న సూరిబాబు ముందు నిలబడి, "ఓసారి కాలు చాపు" అన్నాడు. అతను చాపాడు. పెద్దిరాజు అతని మోకాలి కింది ఎముక మీద బూటుతో తన్నాడు.

"నొప్పెట్టిందా?"

"మా అత్త ఇంతకంటే గట్టిగా గిచ్చుద్ది. ఇంకోటి తన్ను" అన్నాడు సూరిబాబు.

ఇంకోటి తన్నాడు. సూరిబాబు సోడా తాగడం ఆపలేదు.

విరామం తరువాత సూరిబాబుకు దారి దొరకలేదు. బంతి ఎప్పుడొచ్చినా పెద్దిరాజు కాలు దాని ముందుంది. ఒకసారి ఇద్దరూ కలిసి బురదలో పడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లేచారు. చీకటి పడకముందే మద్రాసు పెద్దమనిషి మాస్టారితో చెప్పవలసిన మాట చెప్పాడు.

పెద్దిరాజు మద్రాసు వెళ్ళాడు. జీతం కొల్లేటికోటకు వచ్చేది. ఏటా వానలకు ముందు నా దుకాణానికి వచ్చి కొత్త జత కుట్టించుకునేవాడు. రెండోసారి వచ్చినప్పుడు, "అక్కడ బూట్లవాళ్ళే ఎక్కువ కదా, ఈసారి గట్టి టో పెట్టనా?" అని అడిగాను.

"బూట్లు లేనోళ్ళూ ఉన్నారండీ. ఎదరొచ్చేది ఎవరో జోళ్ళు కట్టుకునేటప్పుడు తెలీదు కదండీ" అన్నాడు.

మూడో ఏడు బూట్ల జట్టుతో ఆడుతుండగా అవతలివాడి గట్టి టో తగిలి అతని కుడికాలి బొటనవేలు విరిగింది. వంకరగా అతుక్కుంది. ఆటతో పాటు ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు కొల్లేటికోటకు వచ్చేపోయేవాళ్ళను పడవ దాటిస్తున్నాడు.

కిందటి వేసవిలో అతని పడవ ఎక్కాను. ఆ వంకర వేలితోనే పడవ అంచు తన్నిపెట్టి గెడ వేస్తున్నాడు. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అనేశాను. "గట్టి టో పెట్టి ఉంటే ఆ వేలు దక్కేదయ్యా."

"నాది దక్కేదండీ" అన్నాడు. అని గెడ వేసుకుంటూ పోయాడు.

ఆ మాట మీద నేను చాలా ఆలోచించాను. చెప్పులు కుట్టేవాడు తొడుక్కునే కాలినే చూస్తాడు. ఆ కాలికి ఎదురుగా వచ్చే కాలి కొలత ఎవరూ తీసుకోరు. ఇప్పుడు ఎవరైనా ఆట బూట్లు కావాలని వస్తే, పాదం చాపమనేముందు, ఎవరితో ఆడతావని అడుగుతున్నాను. కొందరు ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. గట్టి టోనే కావాలన్నవారికి కుట్టి ఇస్తాను, అడగడం మాత్రం మానను.

పుస్తకం వెతికి ఇచ్చిన శేషయ్య గారికి, నన్ను నమ్మి పని అప్పగించిన సుందరరావు మాస్టారికి, దారానికి మైనం పట్టించిన మరియమ్మకు, ఇదంతా రాసుకోవడానికి ఒప్పుకున్న పెద్దిరాజుకు నా కృతజ్ఞతలు. ఆ వాన రోజున అవతలి జట్టువాడై ఉండి కూడా, పరీక్ష కోసం తన కాలు చాపిన తాడేపల్లిగూడెం సూరిబాబుకు మరీ మరీ కృతజ్ఞతలు.